ఏకాంతగేయము: కోనీ కన్వర్స్ పాటల సంపుటముపై విమర్శ

గేయమునకు సభ ప్రాణమని మనలో పెక్కుర తలంపు. భాగవతుల యాటకు చావడి కావలయును. హరికథకు గుడిముంగిలి కావలయును. బుఱ్ఱకథకు రచ్చబండ కావలయును. సంగీతపు కచ్చేరికి వేదికయు, శ్రుతిపెట్టెయు, తలయూచువారును కావలయును. శ్రోతలు పెరిగినకొలదిని పాటకు విలువ పెరుగునని కూడ ననేకులు నమ్ముదురు. ఈ నమ్మకము నిజమగుచో, నలుగురైదుగురు వినుటకై యింటిగదిలో పాడబడి, యేబదియేండ్లు టేపుచుట్టలలో నణగియున్న పాటలకు విలువ యుండరాదు. అట్టి పాటల సంపుట మొకదానిని నేనిటీవల పలుమాఱు వింటిని. విన్నకొలదిని, సభ లేకుండుట యా పాటలకు లోపము కాదనియు, అదియే వాని రూపమును దిద్దినదనియు నాకు తోచినది. ఆ సంపుటమును గూర్చియు, దానివలన మన తెనుగింటిపాటల పరిశోధనకు కలుగదగిన మేలుకొలుపును గూర్చియు నీ వ్యాసమున విన్నవింతును.

నేనీ పాటలను విన్నచోటు కొమరోలు. పడమట నల్లమలయు, తూర్పున వెలిగొండలును బారులుతీర్చిన నడిమి మెట్టనేల యిది. వేసవిరాత్రి మిద్దెమీద మంచము వైచికొని, ఊరి చప్పుడంతయు నణగిన పిదప వింటిని. చోటు చెప్పుటకు కారణము కలదు. ఈ సంపుటమున మిక్కిలి పేరుపడసిన పాట, రెండు పొడవైన కొండల నడుమ నొంటిగా నివసించు స్త్రీ పాడుకొనునది. ఆ కొండలు నల్లమలలు కావు. ఆ భాష మనది కాదు. ఆ వాద్యమును మనది కాదు. అయినను ఆ యొంటరిగొంతు నాకు క్రొత్తగా తోపలేదు. ఏల తోపలేదను ప్రశ్నయే యీ విమర్శకు మూలము.

సంపుట చరిత్ర

ఈ పాటలను కట్టి పాడిన యామె ఎలిజబెత్ ఈటన్ కన్వర్స్. ‘కోనీ’ యనునది న్యూయార్కు చేరిన పిమ్మట నామెకు కలిగిన పిలుపుపేరు. 1924 ఆగస్టు 3వ తేదీని అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున, లకోనియా పట్టణమున జన్మించెను. తండ్రి బాప్టిస్టు శాఖకు చెందిన క్రైస్తవబోధకుడు. ఇంట కట్టుబాట్లు మిక్కుటము. చదువున మొదటిదై, విద్యార్థివేతనముతో మౌంట్ హోల్యోక్ కళాశాలలో చేరి, రెండేండ్లకే దానిని విడిచి న్యూయార్కు నగరమునకు పోయెను. అచట నొక ముద్రణాలయమున పనిచేయుచు, గిటారు నేర్చి, 1950 ప్రాంతమునుండి తన పాటలను తానే కట్టుకొని పాడసాగెను.

1954లో జీన్ డైచ్ అనువాడు, కదలుబొమ్మల చిత్రములు తీయుట వృత్తిగా కలవాడు, న్యూయార్కునకు చేరువనున్న హేస్టింగ్స్-ఆన్-హడ్సన్ గ్రామములోని తన యింట నామెచేత పాడించి, ఆ పాటలను టేపునకెక్కించెను. 1949లో డెట్రాయిటు నగరమున జాన్ లీ హూకర్ అను నల్లజాతి గాయకుని పాటలను నిట్లే యింటిలో పట్టిన రసికుడీయన. అదే 1954లో సి.బి.ఎస్. వారి టెలివిజనులో, వాల్టర్ క్రాంకైట్ నడపుచుండిన ఉదయకార్యక్రమమున కోనీ యొకసారి పాడెను. దానివలన ఫలమేమియు కలుగలేదు. ఒక్క గ్రామఫోను కంపెనీయు నామె పాటలను వెలువరింపలేదు. 1961 ప్రాంతమున నామె న్యూయార్కును విడిచి, తమ్ముడు ఫిలిప్ కన్వర్స్ రాజనీతిశాస్త్రాచార్యుడుగానున్న ఆన్ ఆర్బర్ నగరమునకు, మిషిగన్ రాష్ట్రమునకు, చేరెను. అచట ‘జర్నల్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్ రిసొల్యూషన్’ అను పరిశోధనపత్రికకు నిర్వాహకసంపాదకురాలుగా పనిచేసెను. 1974 ఆగస్టులో బంధుమిత్రులకు సెలవుజాబులు వ్రాసి, తన చిన్నకారులో సామాను సర్దుకొని వెడలిపోయెను. ఆ తరువాత నామె యెవ్వరికిని కానరాలేదు.

మనిషి పోయినను పాటలు మిగిలెను. డైచ్ పట్టిన టేపులు డైచ్‌కడ నుండెను. తన గదిలో తానే పాడి పట్టి తమ్మునికి పంపినవి తమ్మునికడ నుండెను. 2004లో, అప్పటికెనుబదియేండ్లకు చేరువైన డైచ్, డేవిడ్ గార్లండ్ నడపు న్యూయార్కు రేడియో కార్యక్రమమున నందొక పాట వినిపించెను. దానిని విన్న డాన్ జూలా అను యువకుడు, మిత్రుడు డేవిడ్ హర్మన్‌తో కలిసి, రెండుచోట్ల టేపులను సమకూర్చి, పదునేడు పాటలను 2009లో సంపుటముగా వెలువరించెను. దాని పేరు ‘హౌ సాడ్, హౌ లవ్లీ’. ఎంత దుఃఖము, ఎంత సౌందర్యము అని దాని భావము. 2023లో హోవర్డ్ ఫిష్‌మన్ ఆమె జీవితచరిత్రను విపులముగా వ్రాసి ప్రకటించెను. చరిత్ర యింతవఱకు చాలును.

పాఠవిచారము

మన పండితులకు పరిచితమైన ప్రశ్న నొకదానిని ముందుగా విచారింపవలసియున్నది. ఈ సంపుటమునకు కర్త యెవరు? పాటలకు కర్త కోనీ యనుట నిస్సంశయము. కాని యీ పదునేడింటిని ఏరినది, వరుసకట్టినది, పేరిడినది ఆమె కాదు. సంపుటనామము ఆమె పాటలలో నొకదానినుండి పరిష్కర్తలు తీసికొన్నది. కావున దీనిని కవి స్వయముగా సంధించిన ప్రబంధముగా కాక, పరిష్కర్తలు కూర్చిన చాటుపద్యరత్నాకరమువంటి సంకలనముగా గ్రహింపవలయును. ఈ భేదమును మఱచినవారు, మొదటి పాటకును కడపటి పాటకును నడుమ కథానుసంధానము వెదకి, గాయని తలపెట్టని యర్థమును కల్పింతురు. తాళపత్రములు తాఱుమాఱైన శతకమునందు క్రమాలంకారమును వెదకుటవంటిది యా పని.

మఱియొక ప్రశ్న పాఠశుద్ధికి సంబంధించినది. ఈ టేపులలో యంత్రపు సొద కలదు. గదిగోడలనుండి తిరిగివచ్చు ధ్వని కలదు. ఇది లేఖకదోషమువలె దిద్దదగినదా, లేక పాఠమున భాగమా? పరిష్కర్తలు ఆ చప్పుళ్లను పూర్తిగా తుడిచివేయలేదు; పాడిన గది యిప్పటికిని వినబడుచున్నది. ఈ విషయమున వారు మంచి పరిష్కర్తలని నా యభిప్రాయము. ప్రతిలోనున్న క్రిమిదష్టభాగమును గీతలతో చూపి విడుచువాడు, తోచినమాటతో పూరించువానికంటె విశ్వసనీయుడు కదా.

ఈ సందర్భమున మన తాళ్లపాకవారి కథ స్మరణకు రాకమానదు. 1503లో పరమపదించిన అన్నమాచార్యుని సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమలకోవెలలోని యొక యరలో పెక్కేండ్లు కప్పుపడియుండి, 1922 ప్రాంతమున వెలికివచ్చినవి. దొరకిన పాటలు సుమారు పదునాలుగువేలు. రేకులపై రాగనామము కలదు, సాహిత్యము కలదు, పాడినతీరు మాత్రము లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు స్వరములు కట్టగా నేడు మనము పాడుకొనుచున్నాము. ఆచార్యుని గొంతులోని పాట యెట్లుండెనో మఱి వినజాలము. కోనీ విషయము దీనికి తలక్రిందు. పాటలు కొద్ది, గొంతు పూర్ణము. ఊపిరి తీయుచోటు, మాటను జార్చుచోటు, తీగె మీటుటలోని చిన్న తడబాటు, అన్నియు మిగిలినవి. ఏది మిగులుట గొప్ప యని తూచుట నా యుద్దేశము కాదు. పాటయొక్క యర్థమున నెంతభాగము అక్షరములలో నుండునో, ఎంతభాగము గొంతులో నుండునో తెలిసికొనుటకీ రెండుదాహరణములను ప్రక్కప్రక్కన నుంచి చూడదగును.

పాటల గుణము

ముందుగా నామె గొంతు. అది పెద్దదికాదు, అలంకృతమును కాదు. గమకములు మిక్కిలి తక్కువ. స్వరము సూటిగా లేచి సూటిగా నిలుచును. బొటనవ్రేలు మంద్రస్థాయిని నడపుచుండగా తక్కినవ్రేళ్లు పైతీగెలపై మఱియొక వరుసను పలికించుచుండును. ఒక్క గిటారే యిద్దఱు తోడుగాండ్ర పని చేయును. గొంతును దూరమునకు విసరు ప్రయత్న మెందును లేదు. మూడవ వరుసలోనున్నవానికి వినబడవలయునను తలంపు లేని పాట యిది. ఎదుటి కుర్చీలోనున్నవానికి చెప్పుమాట యెంత గట్టిగా నుండునో అంతయే గట్టిగా నుండును. ఈ కొలతయే యీ పాటలకు ఛందస్సువంటిదని నేను చెప్పుదును. పదముల యెన్నిక, హాస్యపు మోతాదు, ముగింపులోని నిదానము, అన్నియు నీ కొలతకే లోబడియున్నవి.

నేను మొదట పేర్కొనిన కొండలనడిమి పాటను చూతము. దాని పేరు ‘టాకిన్ లైక్ యూ’. నీవు మాటాడినట్లే యని యర్థము. రెండుకొండల నడుమనున్న యాచోటికి లోకులు ఒంటరితనమను పేరిడిరట. తనకచ్చట నొంటరితనమే లేదని నాయిక వాదించును. కారణమేమన, కిటికీకడ పక్షి రాత్రియంతయు కూయుచుండును. వంటింటి తలుపుకడ పాఱు వాగునకు మాటలే మాటలు. చెట్టుమీది ఉడుత చప్పుడు తామిరువురును పోట్లాడుకొన్న నాటి చప్పుడు. ఇంతవఱకు విరహిణికి ప్రకృతియంతయు ప్రియుడై తోచుట మన కావ్యములలోను సామాన్యమే. కాని యిక్కడ పాట మలుపు తిరుగును. పెరటిలో పెంచుకొన్న పందులు వేళకు భోజనమునకు వచ్చుటయు ఆతని చందమేనట. ప్రియుని పొగడుచున్నదో తెగడుచున్నదో తేల్చుకొనులోపల పాట నవ్వును దాటిపోవును. మన యాలంకారికుల పరిభాషలో, విప్రలంభమునకు వ్యాజనిందను తొడిగి, ఏది యంగియో ఏది యంగమో తెలియనీయక నిలిపినదని చెప్పవచ్చును. ఈ హాస్యమును బిగ్గఱగా పాడినచో చౌకబాఱును. నడిమి దూరము తక్కువగుటచేతనే అది నిలిచినది.

‘వుయ్ లివ్డ్ అలోన్’ అను పాట ఇంతకంటె చిన్నది. ఒక స్త్రీ తన యింటినే తోడుగా తలచి బ్రదుకుచుండును. దీపము, పచ్చరంగు బల్ల, వెన్నువిఱిగిన కుర్చీ, గోనెగుడ్డతో కుట్టుకొన్న బట్ట, వాకిట గులాబులు, ఒక కొలువు. తన కున్నవానిని సంసారి పచారుకొట్టు లెక్కవలె నొక్కొక్కటిగా చెప్పుకొనుచు, కోరికలు తక్కువ గనుక కొఱతయు లేదని తేల్చును. తుదిని ఒక్క మనుష్యుడు కంటబడును. అంతవఱకు సరిపోయిన లెక్క యంతయు నొక్క మాటతో సరిపోక యగును. ఇందు వర్ణన లేదు. వస్తువుల పట్టిక మాత్రమే కలదు. ఆ పట్టిక యెంత నిండుగా నుండునో తుదిలేమి యంత లోతుగా తగులును. ధ్వనికావ్యమునకు మన విద్యార్థులకు చూపదగిన సులభోదాహరణమిది.

‘వన్ బై వన్’ అను పాటయందు హాస్యము లేదు. చీకటిరాత్రి పలువురు నడచిపోవుదురు. ఒకరి కొకరు చేరువనే యున్నను చేయి చేయి కలుపరు. ఇది గాయని గతియని యందఱును చెప్పుదురు. నాకు మాత్రము, ఇది వినువానిని కూడ నా నడకలో చేర్చుపాటగా తోచుచున్నది. పాడునామెయు, వినువాడును ఒకే గదిలోనుండి, ఒకరినొకరు తాకకుండుటయే యీ పాటకు రంగస్థలము. ‘రోవింగ్ వుమన్’ అను పాటలో తిరుగుబోతు స్త్రీ యని లోకము వేయు పేరును నాయిక వినయముగా నొప్పుకొనినట్లు నటించి, తప్పుదారి త్రొక్కబోయిన ప్రతిమాఱును ఎవరో పెద్దమనుష్యుడు తన్ను కాపాడి యింటికి చేర్చుచున్నాడని వాపోవును. రక్షకుల నైజమును గూర్చిన యింత సన్ననియెత్తిపొడుపు, కేకలువైచి ఖండించుదానికంటె లోతుగా నాటును.

గుణము చెప్పి దోషము దాచుట విమర్శ కాదు. పదునేడు పాటలును ఒకే గొంతు, ఒకే వాద్యముతో సాగుటచే, ఒకేపట్టున విన్నవానికి సగమునకు విసుగు కలుగవచ్చును. ‘జాన్ బ్రేడీ’, ‘ద క్లోవర్ సెలూన్’ వంటి కథాగేయములు జానపదవీరగాథల మూసలో పోయబడినవి. పనితనము లోపింపకున్నను, ఆ పాటలందు గాయని తన యింటిని విడిచి పరుల చొక్కా తొడిగికొన్నట్లుండును. ఆమె బలము వంటింటి తలుపునుండి పెరటిగోడవఱకే యని యవి ఋజువుచేయుచున్నవి. అట్లని ఆ మేర చిన్నదని యెవ్వరును తలపరాదు.

ఇవి జానపదగేయములా యనుప్రశ్నకును రెండుమాటలు. కర్త తెలియనిదే జానపదమని నియమము పెట్టుకొన్నచో ఇవి కావు. జానపదుల మాటతీరును, పాటకట్టును స్వీకరించి చదువుకొన్న కవి తనదిగా పలికిన పాట లివి. మనకిట్టివి క్రొత్తకాదు, 1925లో వెలువడిన నండూరి వెంకట సుబ్బారావుగారి యెంకిపాటలు ఈ కోవలోనివే. కాని యెంకిపాటలు నోటినుండి నోటికి నడచి, నాటివారి గొంతులన్నిటను పలికినవి. కోనీ పాటలు మనకు ముఖ్యముగా ఆమె గొంతుననే దక్కినవి. కావున పాటయు పాడుతీరును విడదీయరానివైనవి.

జీవితమును పాటలలో చదువుట

ఇట నొక యపమార్గమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. ఈ సంపుటమును మెచ్చినవారిలో పెక్కురు 1974 నాటి యదృశ్యమును ముందుంచుకొని పాటలను వినుచున్నారు. కొండలు ఆమె పోయినచోటికి గుర్తనియు, చీకటినడక ఆమె కడపటి ప్రయాణమునకు సూచనయనియు చెప్పుచున్నారు. కాలక్రమమును చూచిన నీ వాదము నిలువదు. ఈ పాటలు 1950 తరువాతి కొలది యేండ్లలో కట్టినవి. ఆమె వెడలిపోయినది ఇంచుమించు ఇరువదియేండ్లకు పిమ్మట. ముప్పదియేండ్లైన నిండనివేళ పాడిన హాస్యమును, ఏబదియవయేట కలిగిన నైరాశ్యమునకు సాక్ష్యముగా పట్టుట న్యాయము కాదు. చాటువుల యాధారమున కవిజీవితములు కల్పించి, ఆ కల్పనలతో మరల పద్యములకు వ్యాఖ్య చెప్పిన దోషము మన వాఙ్మయచరిత్రలోను కొంతకాలము నడచినది. దానిని మనము కష్టపడి వదలించుకొంటిమి. పరభాషాకవయిత్రి విషయమున మరల నెత్తికొనరాదు.

ఇంతేకాదు. వినబడని స్త్రీ యనుచు నామెను జాలిపడుటయందొక యవమానము కలదు. వినినవారు కొందఱుండిరి. డైచ్ యింటి మిత్రులు వినిరి, తమ్ముడు వినెను. ఆ కొలదిమందికి సరిపోవునట్లు పాట దిద్దబడెను. వేయిమంది వినలేదను లోపమునే చూచువాడు, నలుగురికై చేసిన పనితనమును చూడనేరడు.

మన యింటిపాటలు

ఇప్పుడు కొమరోలు మిద్దెమీదికి మరలుదును. ఆ గొంతు నాకు క్రొత్తగా తోపకుండుటకు కారణము, ఇట్టి కొలతగల పాటలను చిన్ననాట నేను వినియుండుటయే. దంపునప్పుడు, విసరునప్పుడు, బిడ్డను ఊచునప్పుడు మా యింటి యాడువారు పాడినవి సభకొఱకు కావు. మన స్త్రీల రామాయణపుపాటలు ఈ కొలతలోనివే. ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పదునాలుగేండ్ల నిదురనుండి లేచిన యిల్లాలు, ఎదుటనున్న భర్తను పరపురుషుడని తలచి నిలదీయును. ‘సీత గడియ’లో ఇంటిపనులు తీఱక సీత జాగుచేయగా రాముడు పడకగది గడియ వైచుకొనును, కౌసల్య వచ్చి కొడుకును మందలించును. లంకాయుద్ధమంతయు వాకిటనే ఆగిపోయి, లోపల నొక గడియచప్పుడు మాత్రము వినబడును. ఇతిహాసమును ఇంటికొలతకు తగ్గించుట చేతకానితనము కాదు, అదియొక కావ్యనిర్ణయము. కోనీ యింటివస్తువుల పట్టికను విన్నచెవితో నీ పాటలను మరల విన్నచో నిది స్పష్టమగును.

ఈ పాటలను మనమెట్లు భద్రపఱచితిమి? పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో తుమ్మెదపదములు, వెన్నెలపదములు, నివాళిపదములు మొదలగువానిని పేర్కొనెను. పేళ్లు మిగిలెను, నాటి పాటలు మిగులలేదు. 1874లో జె. ఏ. బాయిల్ దొర ఇండియన్ యాంటిక్వెరీ పత్రికయందు తెనుగు వీరగాథలను గూర్చి వ్రాసెను. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయసాహిత్యముపై చేసిన పరిశోధనకు 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయము డాక్టరుపట్టము నొసగెను. ఈ మహనీయుల కృషి లేకున్న మనకు మాటలైనను దక్కవు. ధ్వనిని పట్టు యంత్రములు దుర్లభమైననాడు వారు చేయదగినది చేసిరి. కాని యంత్రము ప్రతిచేతను ఉన్ననాడును మనము మాటలనే వ్రాసికొనుచున్నాము.

ఈ నింద పరులపై వేయుటకంటె నాపై వేసికొనుట ధర్మము. కొన్నియేండ్ల క్రిందట మా యవ్వకడ కూర్చుండి యొక దంపుళ్లపాటను పుస్తకమున కెక్కించితిని. ఆమె రోలుకడ పాడినప్పుడు ప్రతిచరణము నడుమను రోకటిపోటు పడును; పోటుతో నొక యూపిరి వెలువడును. ఆ యూపిరికి నిఘంటువున నర్థము లేదు గనుక నేను వ్రాయలేదు. రెండుచోట్ల మాత్రలు మిగులగా, గణము కుదురుటకై యొక పదమును తీసివైచితిని. ఒకచోట నామె పాట నాపి, పొయ్యిమీది యెసరును గూర్చి కోడలికేదో చెప్పి, మరల నందుకొన్నది, దానిని విడిచితిని. నేను వ్రాయుట చూచి యవ్వ అడిగినమాట యిప్పటికిని నా చెవిలోనున్నది: “ఎవురికోసరం రాస్తాండావు నాయనా? నాకోసరం నేను పాడుకునేదానికి పుస్తకమేంటికి?” అది వృద్ధురాలి యమాయకపు మాటయని నవ్వి యూరకుంటిని. ఆమె లేదు, పుస్తకము కలదు. పుస్తకములోనిది ఛందోబద్ధము, నిర్దుష్టము, నిర్జీవము. డైచ్ టేపులోని సొదను విన్నరాత్రి, నేను తుడిచివేసినదేదో నాకు తెలిసినది. రోకటిపోటు తాళము, ఊపిరి యతి, కోడలితో మాట ప్రబంధమునకు రంగము. నేను మూలమును వదలి ప్రతిని వ్రాసికొంటిని.

అవ్వ ప్రశ్నను పరిశోధకులందఱును పెడచెవిని పెట్టక వినవలసినదని ఇప్పుడు తలంచుచున్నాను. ఈ పాట యెవరికొఱకు? పాఠనిర్ణయమునకు ముందే తేల్చుకొనవలసిన ప్రశ్న యిది. కోనీ టెలివిజనులో పాడినది, పాటలను పట్టి పంపినది. కనుక వానిని లోకమునకు వినిపించుట యామె యిచ్ఛకు విరుద్ధమని చెప్పజాలము. మన యింటిపాటలలో కొన్ని యాడువారి నడుమనే యుండదగినవి. వానిని పట్టుటకు ముందు పాడునామె యనుమతి యడుగుటయు, వలదన్నచో యంత్రమును ఆపుటయు పరిశోధకుని మర్యాద.

అనుమతి దొరకినచో చేయవలసినది మూడువిధములు. మొదటిది, పాటను పాడుచోటనే, పాడుపనితోడనే పట్టవలయును. దంపుపాటను కుర్చీలో కూర్చుండబెట్టి పాడించుట వాగును కుండలో పోసి వాగని చూపుటవంటిది. రెండవది, పట్టినదానిని దిద్దక మాతృకగా నుంచి, శుద్ధప్రతిని వేఱుగా సిద్ధపఱుపవలయును, రెండింటిని కలిపివేయరాదు. మూడవది, ఎవరు, ఎవరికి, ఎంతదూరమున కూర్చుండి, ఏపని చేయుచు పాడిరో పాఠముతోపాటు వ్రాయవలయును. రాగతాళములను పేర్కొనునట్లే, ఈ దూరమును కూడ పేర్కొనుట మన సంపాదకులకు నియమము కావలయును.

కొమరోలు, గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములలో నేడు రోలు మూలబడినది. దంపునది మిల్లు, పిండిచేయునది మిల్లు. పాటకు పని పోయినది. పని పోయినను పాట నెఱిగిన ముసలమ్మలు ఇంకను కొందఱు కలరు. వారి మనుమల చేతులలో సెల్‌ఫోనులును కలవు. డైచ్‌కడ 1954లో నున్న బరువైన టేపుయంత్రముకంటె నీ చిన్న పరికరము శక్తిమంతము. కొఱవడినది యంత్రము కాదు. డైచ్ చూపిన యా మర్యాద, పాడునామె యెదుట నిశ్శబ్దముగా కూర్చుండి వినుట.

విదేశగాయని సంపుటమును విమర్శింపబూని నా యింటి పుస్తకమునకు తప్పుపట్టికను వ్రాసికొన్నట్లైనది. విమర్శకు నింతకంటె ప్రయోజనమును నేనెఱుగను. బడిపంతుళ్లు తమ విద్యార్థులచేత వారివారి యింటి పెద్దల పాటనొక్కటినైన నీవిధమున పట్టింపగలిగినచో, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినదని తలంతును. గుణదోషములను సహృదయులు పరిశీలింతురు గాక.